గంగమ్మ చుట్టం

విజయవాడ
ఏప్రిల్ నెలాఖరు

అక్కకి,

ఉత్తరం చూసి కంగారుపడకు, నేను బాగానే ఉన్నా. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ బావ రొయ్యల చెరువు కాపలాకి పట్టుకుపోయాడు. ఆయనకేం చెప్పినా "ఆఁ, చెప్తాలే" అంటాడు, చెప్పడు. అందుకే చేపల వ్యాను యేసుబాబు చేతికిచ్చి పంపుతున్నా. కాగితం కంపు కొడితే తప్పు నాది కాదు.

కొత్త పని దొరికింది. మళ్ళీనా అనకు. ఈసారి నిజంగా నచ్చింది. రేణుక గారని, మంగళగిరి నేతగాళ్ళ అమ్మాయి. ఒక బస్సు పెట్టుకుని బయటినుంచి వచ్చేవాళ్ళకి చుట్టుపక్కల ఊళ్ళు చూపిస్తుంది. నేను గైడుని. ఎనిమిదో క్లాసులో బడి గోడ దూకినోడు గైడేంటని నవ్వుకుంటావని తెలుసు. చిన్నప్పుడు మాట్లాడుతున్నానని మాస్టారు కొట్టేవారు. ఇప్పుడు మాట్లాడితే జీతమిస్తున్నారు. అంతే తేడా.

పొద్దున గన్నవరంలో విమానం దిగినవాళ్ళని ఎక్కించుకుని, కొండా గుడీ తిప్పి, మధ్యాహ్నానికి రేణుక గారింటికి తీసుకెళ్తాం. అక్కడ వాళ్ళ నాన్న చౌడయ్య గారు వీధి గదిలో మగ్గం నేసి చూపిస్తారు. ఎవరు కూర్చుంటానన్నా కూర్చోనిస్తారు, పోగులు తెంపినా ఏమీ అనరు. వెనక గదిలో ఇంకో మగ్గం ఉంది. దాని దగ్గరికి కన్నకూతుర్ని కూడా రానివ్వరు. ఎందుకండీ అనడిగితే, "ముందుది చూట్టానికి, వెనకది కట్టుకోటానికి" అన్నారు.

బస్సు నడిపేది ఎలీషా గారు, గుణదల మనిషి. నన్ను చూడగానే "ఏం గైడూ, ఈవేళ ఎన్ని అబద్ధాలు చెప్తున్నావ్" అని పలకరిస్తారు. ఏ ఊరెళ్ళినా అందరూ లోపల భోంచేస్తుంటే ఆయన బస్సు నీడలో కూర్చుని తన క్యారియర్ తను విప్పుకుంటారు.

అసలు సంగతి. రేణుక గారు, ఎప్పుడూ గుళ్ళేనా, మనుషులు నిజంగా ఎలా బతుకుతారో చూపించాలి అంటోంది. నేను మన పాలెం గురించి చెప్పా. మాటల్లో తొలివల గురించి కూడా వచ్చింది. ఆవిడకి చాలా నచ్చింది. తొలివల రోజున ఓ బస్సుమంది వస్తే మీకేమన్నా ఇబ్బందా? ఊరికే అడుగుతున్నా. తాతని కదిపి చూడు.

ఈసారి పని మారనని ఒట్టు,
ప్రసాద్


మొలకపాలెం, నాగాయలంక దగ్గర
మే మొదట్లో

ఒరేయ్ ప్రసాదూ,

కాగితం చేపల కంపు కొట్టలేదు, అబద్ధం కంపు కొట్టింది. 'ఊరికే అడుగుతున్నా' అని నువ్వన్నావంటే అప్పటికే ఏదో చేసేసి ఉంటావు. పుట్టినప్పట్నించీ చూస్తున్నా నిన్ను.

తొలివలంటే ఏంటో పట్నం వెళ్ళి మర్చిపోయావా? వేట నిషేధం అయిపోయాక మొదట పడిన వలలో చేపని మనం అమ్మం. గట్టు మీదే ఒక్క కుండలో పులుసు పెడతాం. ఊళ్ళో ఎవరూ ముట్టకముందు బయటి మనిషి ఒకరు తినాలి. ఆ మనిషి గంగమ్మ చుట్టం. తినేదాకా పేరడక్కూడదు, ఊరడక్కూడదు, ఎవరివాడివని అడక్కూడదు. ఒక ఏడు పొద్దు వాలుతున్నా ఎవరూ రాకపోతే, నువ్వు ఆకలికి ఆగలేక కరకట్ట మీద పోయే పుల్ల ఐసు సైకిలాయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చావు. ఆయన, కొడతారేమోనని పారిపోబోతే మన నాన్న పట్టుకుని కూర్చోబెట్టాడు. తిన్నాక ఆయన ఏడ్చాడు, గుర్తుందా? ఆ ఏడంతా మనకి ఐసు ఊరికే.

దానికి టికెట్టెలా పెడతావురా? డబ్బులిచ్చి తిన్నవాడు హోటలుకొచ్చినవాడవుతాడు గానీ చుట్టమెలా అవుతాడు?

అమ్ముకోవడం అంటే నాకేం సిగ్గు లేదు. చేపలమ్మి బతికేవాళ్ళకి సిగ్గేంటి. పడవెక్కించుకుంటాం, వల విసిరి చూపిస్తాం, మడచెట్ల మధ్య తిప్పుతాం, దేనికెంతో చెప్పే తీసుకుంటాం. కొండలమ్మ పిన్ని చెవిన వేశానో లేదో, ఎండు మెత్తళ్ళు పొట్లాలు కట్టడం మొదలెట్టింది. వాటికి రంగు రిబ్బను కూడానట. ఏదైనా అమ్ము. ఆ ఒక్క కుండ వదిలెయ్.

తాతకి చెప్పలేదు. చెప్పను కూడా.

మల్లి


విజయవాడ
మే రెండోవారం

అక్కా,

ఐసాయన సంగతి రేణుక గారికి చెప్తే, ఇంత మంచి కథ ఉంచుకుని ఎవరికీ చెప్పకపోతే ఎలాగ అంది. చూశావా, నువ్వు వద్దని రాసింది కూడా నాకే పనికొచ్చింది.

ఒక చిక్కుంది. పిల్లల సెలవులు మేలో. మన నిషేధం జూను సగందాకా. ఆవిడ, తొలివలని కొంచెం ముందుకి జరపలేమా అనడిగింది. గంగమ్మనడిగి చెప్తానన్నా. ఆవిడ వెటకారం అనుకోలేదు, సరే అడుగు అంది. చేపలదేముంది, ఇక్కడి మార్కెట్లో కొని ఐసులో పెట్టి యేసుబాబు వ్యానులో పంపుదాం అంటోంది. ఎలీషా గారు ఆ మాట విని, నవ్వాపుకోలేక వారధి దాటగానే బస్సు పక్కకి ఆపేశారు. "గైడూ, సముద్రానికి చేపలు పార్సిలా?" అన్నారు. ఆరోజంతా అదే మాట.

నేను నవ్వలేదు. ఒకమాట చెప్తా, విసుక్కోకుండా చదువు. ఇది కుదిరితే సముద్రం వైపు ట్రిప్పులన్నీ నాకే అప్పజెప్తానంది. అంటే వారం వారం ఇంటికొస్తా. పాయ సముద్రంలో కలిసే మొగదాకా పడవ పోయేసరికి వాంతులు చేసుకునేవాణ్ణి నేను. నాన్న పడవలో కట్టేసి తీసుకెళ్ళినా అలవాటు కాలేదు. జాలరి ఇంట్లో పుట్టి నీళ్ళు పడనోడికి ఊళ్ళో ఏం పనుంటుందక్కా? మెకానిక్కు షాపు, కర్రీ పాయింటు, సెల్లు రిపేరు, అన్నిటికీ కాలు నిలవకే వదిలానంటారు. కాలు నిలవక కాదు, ఏదీ మన ఊరి వైపు పోయేది కాదు. ఇది పోతుంది.

తాతని ఒక్కసారి అడుగు.

ప్రసాద్


మొలకపాలెం
మే మూడోవారం

గైడు గారికి,

నిన్న మీ బావ చెరువు గట్టు మీంచి కోపంగా వచ్చాడు. ఎవరో ఆవిడ ఫోన్ చేసి, "మీ తొలివల విందులో వెజ్ ఉంటుందాండీ?" అనడిగిందట. రాంగ్ నంబరు అని పెట్టేశాడు. కాసేపటికి ఇంకొకాయన. వాళ్ళబ్బాయి పుట్టినరోజు కలిసొచ్చింది, గంగమ్మ చుట్టంగా వాణ్ణే కూర్చోబెడతారా, ఎంతవుతుంది అని. మీ బావకి ఏం చెప్పాలో తెలీక రొయ్యల మేత రేటు చెప్పాడు. ఆయన సరేనన్నాడంట.

పోస్టరు మీద మా ఆయన నంబరు వేశావు, అది ఏప్రిల్లోనే చూశామన్నారట వాళ్ళు. అంటే నువ్వు 'ఊరికే' అడిగేసరికే పోస్టరు అచ్చయిపోయింది. నేను కాదన్నా, తాత కాదన్నా నీకు లెక్కలేదు. చాలా కోపం వచ్చింది. ఉత్తరం రాయకూడదనుకున్నా. తర్వాత నీ ఉత్తరం మళ్ళీ తీసి ఆ వాంతుల సంగతి చదివా. పడవలోంచి దించగానే నువ్వు నా ఒళ్ళో తల పెట్టుకునేవాడివి. ముందు ఎందుకు చెప్పలేదురా ఇది?

సరే. ఇలా చేద్దాం. మేలో మీవాళ్ళని తీసుకురా. పాయలో పడవ, వల, వంట, భోజనం అన్నీ పెడతాం. చేప చెరువు చేపే, బొచ్చె. చెరువుదని చెప్పే వండుతాం. కుండ వేరే కుండ. దానికి తొలివల పేరు పెట్టకు, ఇంకేదన్నా పెట్టు. అసలుది జూనులో మా పాటికి మేం చేసుకుంటాం. మీ చౌడయ్య గారు చెప్పిందే నీకు చెప్తున్నా. ఇది మా వెనక మగ్గం. ఆ మాట మీ రేణుక గారికి చెప్పు, వాళ్ళింటి మాటే కాబట్టి తెలుస్తుంది.

వెజ్ అడిగినావిడకి గోంగూర పెడతానని చెప్పు.

మల్లి


విజయవాడ
జూన్ మొదట్లో

అక్కా,

ఏం చేశారే అసలు! తిరిగొచ్చేటప్పుడు బస్సంతా మీ మాటే. బురదలో జారిపడ్డ హైదరాబాదాయన, ప్యాంటు ఉతకనని ఫోటో పెట్టుకున్నాడు. కొండలమ్మ పిన్ని, మొసలితో పోట్లాడానని చెప్పిందటగా? మన పాయలో మొసలెక్కడిదే? అడిగితే, "వాళ్ళు అంత దూరం వచ్చారు, ఉత్త చేతుల్తో పంపుతామా" అంది. తాత మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా పడవ నీడలో కూర్చున్నాడు. బస్సు తిప్పేటప్పుడు నేను "ఎలీషా గారూ, రివర్స్, రివర్స్" అని గట్టిగా అరిస్తే ఒక్కసారి తలెత్తి చూశాడు, అంతే.

ఇప్పుడు చిక్కు. నెట్‌లో మేం పెట్టిన ఫోటోల కింద ఒకావిడ రాసింది, అంతా బాగుంది గానీ పోస్టరు మీద వేసిన తొలివల చూపించలేదు అని. జూను తారీకుకి కొంతమంది ముందే డబ్బు కట్టి ఉన్నారు. నీ వెనక మగ్గం మాట రేణుక గారికి చెప్పా. "చూపిస్తానని చెప్పి చూపించకపోతే అది మోసం కదా ప్రసాద్. ఆ మాట పోస్టరు వేయకముందు చెప్పాల్సింది" అంది. ఆవిడ తప్పు లేదక్కా. నాదే.

ఈ ఒక్కసారికి తాతని ఒప్పించు. నేను దగ్గరుండి ఏ గోలా లేకుండా చూసుకుంటా. అందరి పేర్లూ నేనే స్వయంగా అడిగి, నా చేత్తో అట్టముక్కల మీద రాసి, మెడలో వేసుకునేలా తాడు కట్టా. బడి మానేశాక ఇన్ని పేర్లు రాయడం ఇదే. 'క్రిస్టినా' రాయడానికి ఎలీషా గారిని అడగాల్సొచ్చింది. ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. తాత చూసినా మెచ్చుకుంటాడు.

నీ తమ్ముడు


మొలకపాలెం
జూన్ రెండోవారం

ప్రసాదూ,

తాతకి చెప్పా. దాచకుండా అంతా చెప్పా, పోస్టరు సంగతీ, డబ్బు కట్టిన సంగతీ. వల బాగుచేసుకుంటున్నాడు. చివరిదాకా విని, "రమ్మను" అన్నాడు.

అంతేనా తాతా అంటే, "గట్టు మీదికొచ్చేవాణ్ణి రావద్దనడానికి మనమెవరమే" అని మళ్ళీ వల్లో తల పెట్టాడు.

నా పెళ్ళికి కూడా ఇంత తేలిగ్గా ఒప్పుకోలేదురా ఈయన. నాకెందుకో భయంగా ఉంది. తొందరగా రా, అందరికంటే ముందు దిగు.

మల్లి


మొలకపాలెం
జూన్ మూడోవారం

తమ్ముడూ,

అందరికంటే ముందు దిగమంటే అందరికంటే వెనక దిగావు. గన్నవరంలో చివరివాళ్ళ విమానం ఆలస్యమైతే నువ్వేం చేస్తావులే, వాళ్ళనీ వదిలి రాలేవు, బస్సు ముందే పంపేశావు. కానీ నువ్వు వాళ్ళతో కారు దిగేసరికి అందరూ చేతులు కడుక్కుంటున్నారు. ఏం జరిగిందని కళ్ళతోనే అడిగావు. వాళ్ళ ముందు చెప్పలేకపోయా. ఇప్పుడు చెప్తున్నా.

పడవలు పొద్దున్నే వచ్చేశాయి. పండుగప్పలు, జెల్లలు బాగా పడ్డాయి. గంగమ్మకి పసుపు నీళ్ళు చల్లి కుండ ఎక్కించాం. మీ బస్సు వచ్చింది. అందరూ మర్యాదగా చెప్పులు దూరంగా విడిచి, మేం చాపలు పరిస్తే వరసగా కూర్చున్నారు. మెడల్లో నీ అట్టలు. నిజం చెప్పొద్దూ, రాత బాగుంది.

తాత విస్తరాకులో మొదటి ముద్ద కలుపుకుని వరస ముందుకొచ్చాడు. ఆయనకి చదవడం రాదు కదా, "ఆ మెడలో ఏంటే?" అని నన్నడిగాడు. పేర్లు తాతా అన్నాను. అనగానే నాకు తెలిసిపోయింది. నువ్వూ నేనూ ఇన్ని ఉత్తరాలు రాసుకున్నాం, ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు చూడు.

తాత విస్తరాకు పట్టుకుని వరస చివరిదాకా నడిచి, వరస దాటి, బస్సు దగ్గరికి పోయాడు. అక్కడ మీ డ్రైవరు గారు టైరు పక్కన కూర్చుని క్యారియర్ మూత తీస్తున్నారు. తాత ఆయన ముందు గొంతుక్కూర్చుని, "అది మూసెయ్యి నాయనా, ముందిది తిను" అన్నాడు.

ఆయన అటూ ఇటూ చూశాడు. "నేను టూరిస్టుని కాదండీ, డ్రైవర్ని" అన్నాడు. "నేనడగలేదుగా" అన్నాడు తాత.

తిన్నాడు. పాలెమంతా చూస్తోంది, బస్సంతా చూస్తోంది. మొదటి ముద్ద మింగాక రెండోది తాత నోటికే పెట్టాడు. అలా చేయాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

అప్పుడు క్రిస్టినా అని నువ్వు కష్టపడి రాసిన ఆ పిల్ల అట్ట తీసి సంచిలో పడేసి, "తాతగారూ, ఇప్పుడు నా పేరు మీకు తెలీదుగా?" అంది. తాత పళ్ళు లేని నోటితో నవ్వాడు చూడు, ఈ మధ్య ఆ నవ్వు నేను చూడలేదు. ఒకరి తర్వాత ఒకరు అందరూ తీసేశారు. మేం మామూలుగా వడ్డించాం. కుండ అడుగు గీరేదాకా తిన్నారు. వెళ్ళేటప్పుడు ఒకాయన డబ్బులివ్వబోతే మీ బావ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఇంతా చెప్పి ఒకటి దాచడం ఎందుకు. నాకు ఆయన పేరు తెలుసు. నువ్వు ప్రతి ఉత్తరంలోనూ రాశావు, ఎలీషా గారు ఎలీషా గారు అని. ఊరు కూడా తెలుసు. తాత బస్సు వైపు నడుస్తుంటే, ఆగు తాతా, ఆయన పేరు మనింట్లో తెలుసు అని నోటిదాకా వచ్చింది. మింగేశా. తొలివల చెడిపోయిందేమోనని అప్పట్నించీ మనసులో పీకుతోంది. తాతకి చెప్పలేదు. నీకే చెప్తున్నా. ఈ ఉత్తరం చింపెయ్.

మీ రేణుక గారు ఏమంది? పని ఉందా, పోయిందా?

అక్క


విజయవాడ
జూన్ ఆఖరు

మల్లక్కా,

చింపలేదు. చింపక్కర్లేదు కూడా. ఆరోజు బస్సెక్కేముందు తాత నన్ను పడవ చాటుకి పిలిచాడు. తిడతాడనుకుని, పేర్లు రాయడం తప్పని తట్టలేదు తాతా అన్నా. "రాస్తే రాశావులే. టికెట్టిచ్చేప్పుడు నీ పేరేంటని అడిగావా లేదా?" అన్నాడు. అడిగానన్నా. "నువ్వు పాలెం పిల్లోడివి. నువ్వడిగితే మేమడిగినట్టే. మా అందరి తరఫునా నువ్వే అడిగేశావు" అన్నాడు.

నీలాగే నాకూ పీకింది. ఎలీషా గారి పేరు మనింట్లో తెలుసు తాతా, అక్కకి నేనే రాశా అని చెప్పేశా. నువ్వు నా దగ్గర దాచలేదు, నేను తాత దగ్గర దాచలేకపోయా. తాత ఏమన్నాడో తెలుసా?

"నాకూ తెలుసురా. పోయిన నెల రివర్సు రివర్సని అరిచావుగా, ఊరంతా వింది. తెలియడం వేరు, అడగడం వేరు. ఆరోజు ఆ మనిషి మన గట్టు మీద కూర్చుని తన క్యారియరు తను తిన్నాడు. ఇంతమందికి వండాం, ఒక్కళ్ళమూ తినమనలేదు. నేనూ అనలేదు. అప్పట్నించీ నాకు ముద్ద దిగలేదు."

ఎనిమిది వారాల్నించి పక్కసీట్లో కూర్చుంటున్నా, నేనూ ఎప్పుడూ అనలేదు.

పనుంది. మర్నాడు రేణుక గారికి జరిగింది జరిగినట్టు చెప్పా, తిండి తాలూకు డబ్బు వాళ్ళకి తిరిగిచ్చేద్దామన్నా. తిడుతుందనుకుంటే లేచి వెనక గది గుమ్మం దాకా వెళ్ళి, లోపల మగ్గం చప్పుడు విని, మళ్ళీ వచ్చి కూర్చుంది. ఇచ్చెయ్ అంది. పోస్టరు ఇద్దరం కలిసి మార్చాం. పడవ, వల, మడచెట్లు, పాలెం భోజనం, పిన్ని మొసలి కథ, దేనికెంతో పక్కనే రాశాం. తొలివల తీసేశాం. దాని సంగతి ఎవరన్నా అడిగితే, నిషేధం అయ్యాక అటువైపు వెళ్తే వెళ్ళండి, మాకేం తెలీదు అని చెప్పాలట. బావ నంబరు కూడా తీసేశాం. ఆయనకి కొంచెం బాధేసినట్టుంది, ఫోన్లు రావడం లేదేంటని యేసుబాబుని అడిగాడంట.

చివర్లో రేణుక గారు, "వచ్చే ఏడు నేనొక్కదాన్నే వస్తే మొదటి ముద్ద నాకు పెడతారా? నా పేరు మీ అక్కకి చెప్పావా?" అంది. మొదటి ఉత్తరంలోనే రాసేశానండీ అన్నా. "అయితే పర్లేదు, తెలియడం వేరుగా" అంది. అంతా చెప్పినప్పుడు తాత మాట కూడా చెప్పేసినట్టున్నా. నా నోరు సంగతి నీకు తెలుసుగా.

సముద్రం ట్రిప్పులు నావే. ఆదివారం వస్తున్నాం, బస్సు నిండింది. మామూలుగా వండు, డబ్బులు మామూలుగా తీసుకో. ఒక్క విస్తరాకు మాత్రం ఎక్కువ వెయ్. ఎలీషా గారు ఆరోజుకి క్యారియర్ కట్టొద్దని ఇంట్లో చెప్పేశారట.

ప్రసాద్